తల తిరుగుటను తేలికగా నెంచరాదు



పోయిన సార్వా కోతల కాలమున నేనెరిగిన యొక రైతు కళ్లములో నిలువబడియుండగా అకస్మాత్తుగా తల తిరిగి కూలబడెను. చేయి పడలేదు, మూతి వంకర పోలేదు, మాట తడబడలేదు. కావున ఇంటివారు పైత్యమని తలచి నిమ్మరసమిచ్చి పరుండబెట్టిరి. సాయంకాలమున లేవబోగా ఒక ప్రక్కకు ఒరిగిపోయెను. మరునాడు ఆసుపత్రిలో అది పక్షవాతమని తేలెను. శరీరమును తూలకుండ నిలుపునది మెదడు వెనుకభాగము. అచ్చటికి నెత్తురు పోవు నాళము మూసికొన్నచో కాలుసేతులు పడిపోకయే తల తిరుగును. ఆయన నేటికిని చేతికఱ్ఱ లేక గట్టుమీద నడవలేడు.

ఇది మనకు దూరపు జబ్బు కాదు. 2004 అక్టోబరుతో ముగిసిన పండ్రెండు నెలలలో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామముల మరణములను విచారింపగా, నూటికి 32 గుండె, రక్తనాళముల వ్యాధులవలన కలిగినట్లు తేలెను. వానిలో గుండెజబ్బును, పక్షవాతమును ఇంచుమించు సమానమే. అంటువ్యాధుల మరణములు నూటికి 12 మాత్రమే.

తల తిరిగిన ప్రతివారును భయపడ నక్కరలేదు. ప్రక్కమీద పొరలినప్పుడు మాత్రమే తిరిగి నిమిషములోపల తగ్గునది సాధారణముగా లోచెవి దోషము. అయితే అకస్మాత్తుగా మొదలై కదలక పరుండినను తగ్గనిచో, ఆధారము లేక నిలువలేనిచో, ఒకటి రెండుగా కనబడినచో, మ్రింగుట కష్టమైనచో, ఎన్నడు నెరుగని తలనొప్పి గాని మెడనొప్పి గాని హఠాత్తుగా చెవుడు గాని వచ్చినచో పక్షవాతమని అనుమానింపవలెను. రక్తపుపోటు, మధుమేహము గలవారును, చుట్ట కాల్చువారును మరింత జాగ్రత్త వహింపవలెను.

నెత్తుటి గడ్డను కరిగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపలనే పనికివచ్చును. కావున మొదలైన వేళను గుర్తుంచుకొని వెంటనే 108కి ఫోను చేయుడు. నోటికి ఏమియు ఇయ్యకుడు. ఇట్టి పక్షవాతము మొదటి సి.టి. స్కానులో కనబడకపోవచ్చును, రోగి నడువలేకున్నచో ఆ మాట వైద్యునకు తప్పక చెప్పుడు.

ప్రతి సంఘ కార్యాలయమునను రక్తపుపోటు కొలుచు యంత్రము నొకటి యుంచి, రాత్రివేళ కారు తీయగల సభ్యుల పేర్లు గోడపై వ్రాయవలెనని నా యభిప్రాయము. బోదెలో నీరు ఆగినంతనే లాకులయొద్దకు పరుగెత్తు మనము, మనిషి పడినప్పుడు తెల్లవారువరకు వేచియుండుట తగునా?