వాహన వీక్షణం: పాత స్పోర్ట్స్ కారు, నేల నుండి ఎత్తు

ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక 1964లో ప్రారంభించిన పాత కార్ల ర్యాలీ గురించి ప్రస్తావన వచ్చినప్పుడల్లా పాఠక మిత్రులు మమ్ములను అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. నేలను తాకుతున్నట్లుండే ఆ స్పోర్ట్స్ కార్లు మన కాలనీల స్పీడ్ బ్రేకర్లను ఏ విధంగా దాటగలవు?

లెక్క వేసి చూద్దాము. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, వంపు వ్యాసార్ధం 17 మీటర్లు. ఎం.జి.బి. కారు ముందు, వెనుక ఇరుసుల నడిమి దూరం సుమారు 2.31 మీటర్లు. అటువంటి మిట్టపై నిలిచినప్పుడు కారు నడుము కోల్పోయే ఎత్తు 4 సెంటీమీటర్లు మాత్రమే. కాని అదే ఎత్తున అర మీటరు వెడల్పుతో సిమెంటు పోసిన మిట్టపై పూర్తి 10 సెంటీమీటర్లూ పోతాయి. సైలెన్సర్ గొట్టం రాసుకొనేది ఇక్కడనే. నేరం తరచుగా కారుది కాదు, మిట్టది.

అయినను యజమాని మొదట చేసే పని స్ప్రింగుల కింద దిమ్మలు పెట్టించడం. షోకు కోరేవారు అందుకు విరుద్ధంగా స్ప్రింగు చుట్లు కోయిస్తారు. రెండూ మాకు సమ్మతము కావు. కోసిన స్ప్రింగు బిరుసెక్కుతుంది. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు తన గూడు నుండి తప్పుకొనే ప్రమాదమున్నది. ఎత్తు పెంచడమూ ఉచితంగా రాదు. అమెరికా బంపరు నిబంధనల కొరకు 1974లో తయారీదారులే ఎం.జి.బి.ని దాదాపు ఒక అంగుళం లేపగా, మలుపులలో అది మునుపటి కంటె ఎక్కువగా ఒరగసాగింది.

కనుక ముందు కొలవాలి. గ్యారేజీ గచ్చు సాధారణంగా నీటి తూము వైపు వాలి ఉంటుంది. తాపీమేస్త్రీల నీటిగొట్టంతో నాలుగు చక్రాల చోట్లా మట్టం సరిచూసుకొనవలెను. టైర్లలో గాలి, ట్యాంకులో పెట్రోలు మాన్యువల్ చెప్పిన మేరకు ఉండాలి. జాకీ దించిన వెంటనే కొలిస్తే లెక్క తప్పుతుంది. చక్రాలు ఇంకా బిగదీసుకొని ఉంటాయి. కారును నాలుగడుగులు ముందుకు, వెనుకకు దొర్లించి, బంపర్లను నొక్కి వదలాలి. అప్పుడు చక్రం మధ్య బిందువు నుండి పై మడ్‌గార్డు అంచు వరకు కొలవాలి. నేల నుండి కొలిస్తే టైరు అరుగుదల కూడ లెక్కలోకి వస్తుంది.

ఎం.జి.బి.కి వెనుక కమాను పట్టీలు, ముందు చుట్ల స్ప్రింగులు. సర్దడానికి మరలు లేవు. కుంగిన వాటిని జతగా మార్చడమే మార్గం. 1989 వరకు వచ్చిన పాత తరం పోర్షే 911లో వెనుక భాగపు బరువును మెలిపడే ఉక్కు కడ్డీలు మోస్తాయి. కడ్డీ లోపలి కొనకు 40 పళ్ళు, వెలుపలి కొనకు 44. లోపల ఒక పన్ను అంటే 9 డిగ్రీలు, వెలుపల సుమారు 8.2. ఒకటి అటు, ఒకటి ఇటు తిప్పితే మిగిలే తేడా 0.8 డిగ్రీ. మన వర్క్‌షాపు మిత్రులు వెర్నియర్ సూత్రాన్ని ఇక్కడ వెంటనే గుర్తిస్తారు.

ఒక మూల లేపితే ఆ మూలకే పరిమితం కాదు. ఎగుడుదిగుడు పీట వలె, ఎడమ వెనుక స్ప్రింగు ఎత్తితే కుడి ముందు చక్రంపైనా భారం పెరుగుతుంది. తడి రోడ్డుపై బ్రేకు వేసినప్పుడు కారు పక్కకు లాగడానికి ఇదొక కారణం.

2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నమోదు నిబంధనలు 50 ఏండ్లు దాటిన బండ్లకు వర్తిస్తాయి. చాసిస్, బాడీ, ఇంజన్లలో మార్పులు ఉండరాదని అవి చెబుతున్నవి. కొత్త షాక్ అబ్సార్బర్ల కొరకు చాసిస్‌కు బ్రాకెట్లు వెల్డింగు చేయించదలచినవారు ఆ నిబంధన చదివిన తరువాతనే మెకానిక్ వద్దకు వెళ్ళడం మేలు.

ఎత్తు సర్దిన పిమ్మట చక్రాల అలైన్‌మెంటు, హెడ్‌లైట్ల గురి తిరిగి చూపించుకొనవలెను. కొత్త స్ప్రింగులు కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక కొంత కుంగుతాయి కనుక, మొదటి కొలతలను తేదీతో సహా లాగ్ పుస్తకంలో వ్రాసి ఉంచుకొని, అప్పుడు మరల కొలవాలి.