జబాన్ పోగొట్టుకున్న రాజ్యాలు

ఎక్కడ యుద్ధం జరిగినా మా మొహాలు చూస్తారు. ఉంగుటూరు టీకొట్టు దగ్గరా అదే, తాడేపల్లిగూడెం బస్టాండులోనూ అదే. ‘ఏం సాయిబూ, మీవాళ్లు గెలుస్తారా?’ అని. ఎవరయ్యా మావాళ్లు? పేరు చూసి మా పక్షం మీరే తేల్చేస్తారా? మా పక్షం మేం చెబుతాం, వినండి.

1990 ఆగస్టు 2న సద్దాం హుస్సేన్ కువైట్ మీద పడ్డాడు. పొరుగు దేశాన్ని మింగి, అది మా పంతొమ్మిదో రాష్ట్రం అన్నాడు. మింగినవాడూ ముస్లిమే, మింగబడినవాడూ ముస్లిమే. లక్షన్నరకు పైగా భారతీయులు పొట్టకూడు పోగొట్టుకుని తిరిగొచ్చారు. మన గోదావరి జిల్లాల ఆడవాళ్లు ఇళ్లలో గిన్నెలు తోమి డబ్బు పంపే కువైట్ అది. ఇజ్రాయెల్ ఖాళీ చేస్తే నేనూ చేస్తానని సద్దాం పాలస్తీనా పేరు అడ్డం పెట్టుకున్నాడు. దాని ఫలితం? 1991లో కువైట్ నుంచి బతుకు మూటగట్టుకుని పోయింది పాలస్తీనా వాళ్లే.

కొల్లేరు గట్ల మీద చేపల బేరం మాట మీద నడుస్తుంది. ఒకసారి కాటా మోసం చేసినవాడు తర్వాత సరిగ్గా తూచినా రైతు అనుమానంగానే చూస్తాడు. మీరు మాట అంటారు, మేం జబాన్ అంటాం. రాజ్యాలకీ అదే లెక్క. 2002 డిసెంబరులో ఇరాక్ తన దగ్గర సామూహిక మారణాయుధాలు లేవంది. ఆ మాట నిజమే. కానీ నమ్మినవాళ్లు తక్కువ. కువైట్‌ని మింగిన నోరు, ఏళ్ల తరబడి దాచిన నోరు అది మరి.

అమెరికా ఏం చేసింది? 2003 ఫిబ్రవరి 5న కోలిన్ పావెల్ భద్రతామండలిలో సీసా ఎత్తి చూపించాడు. మార్చిలో బాంబులు కురిశాయి. ఆయుధాలు మాత్రం దొరకలేదు. పదేళ్ల తర్వాత, 2013 ఆగస్టులో, సిరియాలో విషవాయువుతో జనం చచ్చారు. దాడి చేద్దామంటే బ్రిటన్ పార్లమెంటే ఒప్పుకోలేదు. ఆ సభలో ఇరాక్ పేరు మళ్లీ మళ్లీ వినపడింది. అబద్ధం ఒకసారి, అపనమ్మకం పదేళ్లు!

బలవంతుడికి భయపడతారు, నిజమే. భయపడేవాడు నమ్మడు కదా!

2003 ఏప్రిల్‌లో మన లోక్‌సభ ఆ యుద్ధాన్ని ఏకగ్రీవంగా నిందించింది. జులైలో ఇరాక్‌కి సైన్యం పంపేది లేదని ప్రభుత్వం చెప్పింది. ఆ రోజు ఈ దేశం తన జబాన్ నిలుపుకుంది. మా పక్షం అదే. సద్దాం కాటాకీ అమెరికా కాటాకీ మా దగ్గర ఒకటే రాయి. రేపు ఢిల్లీ కాటాకైనా అంతే. ఇకనుంచి మమ్మల్ని అడిగే ముందు మీ రాయి ఏదో మీరు చెప్పండి.