ప్రార్థన హాజరు పట్టీ కాదు

మేము పల్నాడు జిల్లా ముప్పాళ్ళ మండలం నుంచి రాస్తున్నాం. మాలో ఎరుకల వాళ్ళం ఉన్నాం, యానాదులం ఉన్నాం, తాండాల నుంచి వచ్చి సత్తెనపల్లి, నరసరావుపేట హాస్టళ్ళలో ఉండి చదువుకునే సుగాలీలం ఉన్నాం. ఆదివారం ఆరాధన అయ్యాక వేపచెట్టు కింద కూర్చుని మాట్లాడుకునే పదిమందిమి. ఈ మధ్య మాలో మాకే ఒక వాదన వచ్చింది. రెండు వారాలు నడిచి చివరికి ఒక మాట మీదికి వచ్చాం. అదే ఇక్కడ పెడుతున్నాం. అందరూ ఒప్పుకోవాలని లేదు, ఒకసారి ఆలోచించండి చాలు.

వాదన ఎలా మొదలైందంటే, కొత్త సంవత్సరంలో మా యూత్‌లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. రోజూ తెల్లవారుజామున లేచి బైబిల్లో ఒక అధ్యాయం చదివి, ప్రార్థన చేసుకుని, వాట్సాప్‌లో తన పేరు ఎదురుగా టిక్ పెట్టాలి. జనవరి అంతా బ్రహ్మాండంగా నడిచింది. పొద్దున్నే ఫోన్ తెరిస్తే పచ్చ టిక్కులే. "మన యూత్ మండుతోంది" అని సంబరపడ్డాం. ఫిబ్రవరి చివర్లో ఒక తమ్ముడు టిక్ పెట్టడం ఆపేశాడు. రెండు రోజులు చూశాం, వారం చూశాం. మేమేం చేశామో దాచకుండా చెబుతాం. అందరూ చూసేలా అతని పేరు పెట్టి "వెనకబడ్డావు తమ్ముడూ, చల్లారిపోకు" అని రాశాం. మాలో ఒకరైతే లోకంలో పడిపోయాడని కూడా అన్నారు. వాళ్ళింటికి మాత్రం ఒక్కరం వెళ్ళలేదు.

తరవాత తెలిసింది. వాళ్ళ నాన్నకి టీబీ అని తేలింది. ఇంట్లో సంపాదన ఆగింది. అవి మిరపకాయ కోతల రోజులు. పబ్లిక్ పరీక్షలు దగ్గర పెట్టుకుని కూడా ఆ పిల్లాడు అమ్మతో పాటు చీకటితోనే ఆటో ఎక్కి కోతకు పోయేవాడు. సాయంత్రానికి చేతులు మంట, ఆ చేతులతో కళ్ళు కూడా తుడుచుకోలేం. అది మనలో చాలామందికి తెలిసిన మంటే. మేము వెళ్ళి కూర్చున్నప్పుడు తను ఒకటే మాటన్నాడు. "నేను ప్రార్థన మానలేదన్నా, టిక్ పెట్టడమే మానేశా. సాలు మొదట్లో మొదలుపెట్టి సాలు చివరిదాకా మనసులో ఆయనతోనే మాట్లాడేవాణ్ణి. కొన్నిసార్లు పోట్లాడేవాణ్ణి కూడా."

మాకు తల ఎత్తడానికి ముఖం చెల్లలేదు. ఆ రోజు నుంచి మొదలైంది మా వాదన. రోజువారీ ధ్యానం అంటే అసలేమిటి? ఎవరికి లెక్క చెప్పడానికి?

మాలో ఎరుకల ఇంటి పిల్లలకి ఇంకో సంగతి గుర్తొచ్చింది. మన తాతముత్తాతలకి హాజరు అనే మాట కొత్త కాదు. 1871లో తెల్లదొరల ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేసింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాజధానికి కూడా తెచ్చారు. ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి బతికిన ఎరుకల వాళ్ళని ఆ చట్టం కింద పుట్టుకతోనే నేరస్థులుగా రాసుకున్నారు. రైళ్ళు వచ్చి, ఉప్పు మీద సర్కారు పెత్తనం వచ్చి వాళ్ళ వ్యాపారం ఎలా దెబ్బతిన్నదో మీనా రాధాకృష్ణ గారు తన పుస్తకంలో వివరంగా రాశారు. చదవగలిగిన వాళ్ళు తప్పక చదవండి. తరవాత బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్మెంట్ పెట్టారు. హెరాల్డ్ స్టూవర్ట్ అనే మద్రాసు ప్రభుత్వ అధికారి పేరు మీద ఆ ఊరు. నడిపే బాధ్యత సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. పిలిచినప్పుడు హాజరు పలకాలి. అనుమతి చీటీ లేకుండా పొలిమేర దాటకూడదు. ఆ చట్టం పోయింది స్వాతంత్ర్యం వచ్చాక ఐదేళ్ళకి, 1952లో.

ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. ఆ సెటిల్మెంట్లో బడి ఉంది. అక్షరం నేర్చుకున్నవాళ్ళున్నారు. మనసారా యేసుని నమ్మి, ఆ నమ్మకం మీదే పిల్లల్ని పెంచి చదివించిన అమ్మమ్మలున్నారు. వాళ్ళ విశ్వాసాన్ని తక్కువ చేసే హక్కు మనకి లేదు. కానీ అదే చోట కాపలా, హాజరు, దేవుడి మాట మూడూ ఒకే గేటు లోపల ఉన్నాయన్నది కూడా నిజం. ఎవరు భయంతో మోకాళ్ళూనారో, ఎవరు ప్రేమతో మోకాళ్ళూనారో రిజిస్టరులో ఎక్కడ తెలుస్తుంది? ఆ తేడా దేవుడికొక్కడికే తెలుసు. అలాంటి చరిత్ర ఉన్న పిల్లలం మనం. మన చేతుల్తో మనమే ప్రార్థనకి మళ్ళీ హాజరు పట్టీ తయారుచేస్తే ఎలా?

అయితే రోజువారీ ధ్యానమే అక్కర్లేదంటున్నామా? కాదు. మాలో కొందరు గట్టిగా వాదించారు. క్రమం లేకపోతే ఏదీ పెరగదు, చదువైనా అంతే, తోటైనా అంతే అని. అది నిజమే. నిర్గమకాండము 16లో మన్నా సంగతి చూడండి. ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. విశ్రాంతి దినానికి తప్ప రేపటికని దాచిపెడితే పురుగు పట్టింది. రెక్కాడితే గాని డొక్కాడని ఇళ్ళలో పుట్టిన మనకి ఇది ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. నిన్నటి కూలితో ఈ రోజు పొయ్యి వెలగదు. యూత్ క్యాంపులో మూడు రోజులు ఏడ్చి, పాడి, చేతులెత్తి వచ్చిన వేడి మూడు నెలల తరవాత హాస్టల్ గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు పనికిరాదు. ఆ రోజుకి ఆ రోజు కావాలి.

కాబట్టి మా మాట ఇది: క్రమం కావాలి, కాపలా వద్దు. మార్కు 1:35లో యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి ఎవరూ లేని చోటికి వెళ్ళి ప్రార్థించాడని ఉంది. తనతో ఉన్న శిష్యులకి కూడా చెప్పి వెళ్ళలేదు, వాళ్ళే వెతుక్కుంటూ పోయారు. దానియేలు కూడా రాజు శాసనం వచ్చాక కొత్తగా ప్రార్థన మొదలుపెట్టలేదు. రోజుకి మూడుసార్లు చేసే అలవాటునే ఆ రోజూ చేశాడు. కష్టం వచ్చిన రోజున నేర్చుకుందామంటే కుదరదు, కష్టం రాకముందు చేసిన అలవాటే ఆ రోజు నిలబెడుతుంది. కోతకు పోయిన మా తమ్ముడు సాలు పొడుగునా దేవుడితో మాట్లాడగలిగాడంటే, అంతకుముందు రెండేళ్ళు హాస్టల్ మెట్ల మీద కూర్చుని చేసుకున్న ధ్యానమే కారణం. మా టిక్కులు కాదు.

రెండో సంగతి వాగ్దానాల గురించి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డు తీసుకోవడం మనందరికీ అలవాటు. యిర్మీయా 29:11 వస్తే ఇక ఆ ఏడాది ఉద్యోగం వచ్చేసినట్టే అనుకుంటాం. డీఎస్సీ రాసేవాళ్ళు, కానిస్టేబుల్ రాసేవాళ్ళు, గ్రూప్స్‌కి చదివేవాళ్ళు దాన్ని పుస్తకంలో పెట్టుకుంటారు. రిజల్ట్ వచ్చాక పేరు లేకపోతే కార్డు చించేస్తారు, చర్చి మానేస్తారు. మాలో ఇద్దరు అలా చేశారు, ఏడాది తరవాత తిరిగొచ్చారు. వాళ్ళే అడిగారు, "ఆ వచనం ముందు ఏముందో ఎప్పుడైనా చదివామా?" అని.

చదివాం. పై వచనంలోనే 70 ఏళ్ళ మాట ఉంది. అది ఊరొదిలి, దేశమొదిలి బబులోనుకి చెరగా పోయినవాళ్ళకి రాసిన ఉత్తరం. రేపే ఇంటికొచ్చేస్తారని అందులో లేదు. అక్కడే ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, ఉన్న పట్టణం మేలు కోరి ప్రార్థించండి అని ఉంది. అలా రేపే వచ్చేస్తారని చెప్పిన ప్రవక్తలు అబద్ధికులని అదే అధ్యాయం చెబుతుంది. ఇన్నాళ్ళూ లాటరీ టికెట్‌లా చూసిన వచనం, పరాయి చోట పరువుగా బతకడం నేర్పే ఉత్తరమని తెలిశాక మాకు దాని మీద ప్రేమ ఇంకా పెరిగింది. సెటిల్మెంట్లలో పుట్టిన మన ముందుతరం వాళ్ళకి, ఇప్పుడు హాస్టళ్ళలో, హైదరాబాదు రూముల్లో ఉంటున్న మనకి రాసినట్టే ఉంది.

మూడోది, కష్టంలో ఏడవడం అవిశ్వాసం కాదు. 2021లో నల్ల తామర పురుగు వచ్చి మన ప్రాంతంలో మిరప తోటలు ఎలా నాశనమయ్యాయో అందరం చూశాం. కౌలుకి చేసినవాళ్ళు అప్పుల పాలయ్యారు, కూలీలకి కోత పని లేకుండా పోయింది. ఆ ఏడాది కొందరు పెద్దలు "స్తోత్రం చెప్పండి, అంతా మంచికే" అన్నారు. చెప్పడం తేలికే. కానీ 13వ కీర్తన తీసి చూడండి, ఇంకా ఎంతకాలం అని దేవుణ్ణే నిలదీస్తుంది. 88వ కీర్తన చీకట్లోనే ముగుస్తుంది. అవి కూడా బైబిల్లోనే ఉన్నాయి, ఎవరూ తీసేయలేదు. హబక్కూకు అయితే పొలం పండలేదు, దొడ్డిలో పశువు లేదు అని ఒక్కొక్కటీ లెక్కపెట్టి, అప్పుడు దేవుడిలో ఆనందిస్తానంటాడు. నష్టం లేనట్టు నటించలేదు. పౌలు తన ముల్లు తీసేయమని మూడుసార్లు అడిగాడు, తీయలేదు, కృప మాత్రం ఇచ్చాడు. మా తమ్ముడు పోట్లాడానన్నాడే, ఆ పోట్లాట కూడా ప్రార్థనే. నమ్మకం లేనివాడు పోట్లాడడు, లేచి వెళ్ళిపోతాడు.

నాలుగోది చాలా ముఖ్యం. ప్రార్థన మందుకి ప్రత్యామ్నాయం కాదు. ఆ నాన్నకి టీబీ అని తెలిశాక, మూడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన చేస్తే చాలు, మాత్రలెందుకు అని చెప్పినవాళ్ళు కూడా ఉన్నారు. మేము ఒప్పుకోలేదు. టీబీ మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. మామూలు టీబీకి ఆరు నెలలు, ఒక్క రోజు కూడా తప్పకుండా వాడాలి. మధ్యలో ఆపితే మందుకి లొంగని టీబీగా మారే ప్రమాదం ఉంది. పోషణ కోసం కేంద్రం ఇచ్చే సాయం 2024 నవంబరు నుంచి నెలకి 1000 రూపాయలు, బ్యాంకు ఖాతాలో పడుతుంది. మన కాలనీల్లో ఇంకా చాలామందికి ఈ సంగతి తెలియదు, చెప్పండి. మన పల్నాడుకి సువార్త తెచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ సంగతే చూడండి. ఆయన 1842లో గుంటూరు వచ్చారు. మధ్యలో అమెరికా వెళ్ళినప్పుడు వైద్యం చదువుకుని మరీ తిరిగొచ్చారు. 1849లో గురజాలలో ఉండి పనిచేశారు. ప్రార్థన ఒక్కటే చాలనుకుంటే ఆ వయసులో ఆయనకి వైద్యం చదవాల్సిన పనేముంది?

ఇంకొక మాట. చర్చికి పోతే ఎస్టీ సర్టిఫికెట్ పోతుందని కొందరు మన పిల్లల్ని భయపెడుతున్నారు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో ఆ షరతు లేదు. భయపడి దాక్కుని ప్రార్థించాల్సిన పని లేదు. అలాగే యేసుని నమ్మామని మన కుర్రు బాస, మన గోర్ బోలి, మన పాట, మన పెద్దల మర్యాద వదిలేయాల్సిన పనీ లేదు. మేము ఈ మధ్య ఇంటి భాషలో ప్రార్థన చేయడం మొదలుపెట్టాం. అమ్మతో మాట్లాడే భాషలో మాట్లాడితే అబద్ధం చెప్పడం కష్టమని మాకు అర్థమైంది.

చివరికి మేమేం చేశామంటే, టిక్కులు తీసేశాం. బదులుగా మూడు పెట్టుకున్నాం. ఒకటి, రోజుకి పది నిమిషాలు చాలు, అధ్యాయం కుదరకపోతే ఐదు వచనాలు, ఎప్పుడు వీలైతే అప్పుడు. ఆటోలోనైనా, చేలోనైనా, హాస్టల్ మెట్ల మీదైనా. రెండు, వాగ్దానం వచనం ఏది వచ్చినా దాని ముందూ వెనకా చదవకుండా మాట్లాడకూడదు. మూడు, ఎవరైనా మూడు రోజులు కనబడకపోతే మెసేజ్ కాదు, ఇద్దరం కలిసి ఇంటికి వెళ్ళాలి. ఉత్తచేతులతో కాదు, కేజీ బియ్యమో, అరడజను గుడ్లో పట్టుకుని.

ఆ తమ్ముడు పరీక్షలు రాశాడు. ఒక సబ్జెక్టు పోయింది. సప్లిమెంటరీకి చదువుతున్నాడు, రాత్రిళ్ళు మాలో ఒకరం వెళ్ళి లెక్కలు చెబుతున్నాం. వాళ్ళ నాన్న మాత్రలు క్రమంగా వేసుకుంటున్నారు, ఇంకా మూడు నెలలున్నాయి. ఇందులో సాక్ష్యంగా నిలబడి చెప్పేంత అద్భుతం ఏమీ లేదు. కానీ మొన్న ఆదివారం అతను తమ కుర్రు బాసలోనే చిన్న ప్రార్థన చేశాడు. యానాది, సుగాలీ పిల్లలకి మాటలు సగమే అర్థమయ్యాయి. అయినా అందరం ఆమేన్ అన్నాం.

మీ ఊళ్ళో, మీ హాస్టల్లో ఎవరైనా కొన్నాళ్ళుగా కనబడటం లేదా? వాళ్ళు చల్లారిపోయారని అనుకునే ముందు ఒకసారి వాళ్ళింటికి వెళ్ళి రండి.

ముప్పాళ్ళ నుంచి మీ అన్నలు, అక్కలు, తమ్ముళ్ళు