మెకానిక్ చేతిలోని కాగితానికి వెల ఎంత?

హైదరాబాదులోని గోషామహల్, రాణీగంజ్ వీధుల నుంచి విజయవాడ ఆటోనగర్ వరకు ఏ షెడ్డులోకి తొంగి చూసినా మన సముదాయానికి చెందిన ఉస్తాద్ ఒకరు, ఆయన చేతికింద నూనె మరకల చొక్కాలతో ఇద్దరు ముగ్గురు పిల్లలు కనిపిస్తారు. 2006 నవంబరులో వెలువడిన సచార్ కమిటీ నివేదిక కూడా ఈ సంగతిని నమోదు చేసింది. ముస్లిం కార్మికులు చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్న రంగాలలో వాహనాల అమ్మకం, మరమ్మతు ఒకటని పేర్కొన్నది. ఆ నివేదిక గురించి మనం రాసిన వ్యాసాలకు, జరిపిన సభలకు లెక్క లేదు. అయితే ఆ సభల్లో ఎక్కువగా వినిపించింది ఐఏఎస్, ఐపీఎస్ కొలువుల్లో మన శాతం ఎంత అన్న ప్రశ్నే. మన చేతుల్లో ఇప్పటికే ఉన్న పనికి గుర్తింపు ఏదని అడిగినవారు తక్కువ.

పదో తరగతి గట్టెక్కిన కొడుకును రెండేళ్ల మోటారు వాహన మెకానిక్ కోర్సుకు ఐటీఐకి పంపాలా, నేరుగా షెడ్డుకు పంపాలా అన్నది బస్తీలో ప్రతి వేసవి ఎదురయ్యే ప్రశ్న. దీనికి ఉపన్యాసంతో జవాబు చెబితే ఆ తండ్రి వినడు. లెక్క చెప్పాలి. ప్రభుత్వ ఐటీఐలో ఫీజు పెద్ద భారం కాదు. అసలు ఖర్చు ఆ రెండేళ్లు ఇంటికి రాకుండా పోయే కూలి. షెడ్డులో కుర్రవాడికి నెలకు ఎనిమిది వేలు వస్తాయనుకుందాం. ఇరవై నాలుగు నెలలకు 1,92,000 రూపాయలు. ఆ కుటుంబం కట్టే నిజమైన ఫీజు ఇదే. సర్టిఫికెట్ వల్ల నెలకు మూడు వేలు అదనంగా వస్తే ఆ సొమ్ము తిరిగి చేతికి రావడానికి అయిదేళ్ల నాలుగు నెలలు పడుతుంది. ఆరు వేలు అదనంగా వస్తే రెండేళ్ల ఎనిమిది నెలలు. ఇంటి అద్దె, చెల్లెలి పెళ్లి, తల్లి మందులు ఎదురుచూస్తున్న ఇంట్లో అయిదేళ్లు చిన్న మాట కాదు. కాబట్టి కొడుకును షెడ్డుకు పంపే తండ్రిని అజ్ఞాని అనడం అన్యాయం. తన ముందున్న అంకెలతో ఆయన లెక్క సరిగ్గానే వేస్తున్నాడు.

తప్పల్లా ఆ అంకెలు పాతబడిపోవడంలో ఉంది. 2020 ఏప్రిల్ 1న దేశం బీఎస్-4 నుంచి నేరుగా బీఎస్-6 ప్రమాణాలకు మారింది. దానితో ద్విచక్ర వాహనాల్లో సైతం కార్బురేటర్ స్థానాన్ని ఇంధన ఇంజెక్షన్ ఆక్రమించింది. ఇంజిన్ శబ్దం విని రోగం చెప్పగల ఉస్తాద్ చెవి సాటిలేనిదే. ఆ విద్య ఏ తరగతి గదిలోనూ దొరకదు. కానీ సెన్సర్ పంపే తప్పుడు సంకేతం చెవికి వినిపించదు. దానికి స్కానర్ కావాలి, స్కానర్ చూపే కోడ్‌ను చదివే చదువు కావాలి. పైగా వారంటీ ఉన్నంత కాలం కొత్త బండి కంపెనీ సర్వీస్ సెంటరుకే వెళుతుంది. షెడ్డుకు మిగిలేది పాత బండి. ఆ పాత బండ్లు రోడ్డు మీద తగ్గుతున్నకొద్దీ ఉస్తాద్ గల్లా బరువు కూడా తగ్గుతుంది. ఈ రోజు కుర్రవాడు ఇంటికి తెచ్చే ఎనిమిది వేలు పదేళ్ల తరువాత కూడా అదే దారిలో పెరుగుతాయన్న భరోసా లేదు.

ఇక కాగితం తెరిచే తలుపుల సంగతి. ఆర్టీసీ డిపోల్లో శ్రామిక్ పోస్టులకు సంబంధిత ట్రేడులో ఐటీఐ తప్పనిసరి. 2025లో తెలంగాణ ఆర్టీసీ కోసం 743 శ్రామిక్ పోస్టులకు ప్రకటన వెలువడింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి నుంచి ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. ఇరవై ఏళ్లుగా బస్సు ఇంజిన్లు విప్పి బిగించిన మనిషైనా ఆ కాగితం లేనిదే ఆ దరఖాస్తు నింపలేడు. రెండోది అప్రెంటిస్‌షిప్. 1961 చట్టం కింద ముప్పై మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. 2019లో సవరించిన నిబంధనలు కనీస స్టైపెండ్‌ను అర్హతను బట్టి 5,000 నుంచి 9,000 రూపాయల దాకా నిర్ణయించాయి. మూడోది పై చదువు. ఐటీఐలో తగిన మార్కులు తెచ్చుకున్నవారికి పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో చేరే దారి ఉంది. అక్కడి నుంచి ఈసెట్ ద్వారా ఇంజనీరింగ్‌కు మరో మెట్టు ఉంది. నాలుగోది గల్ఫ్. భారతీయ కార్మికులకు సౌదీ అరేబియా ప్రవేశపెట్టిన నైపుణ్య పరీక్ష మొదటి విడతలో ఎంచుకున్న వృత్తుల్లో వాహన ఎలక్ట్రీషియన్ ఒకటి. ‘అక్కడికి వెళ్లి నేర్చుకుందాంలే’ అన్న కాలం వెళ్లిపోతున్నది.

ఇవన్నీ చెప్పి ఏ ఐటీఐ అయినా ఒకటేనని అంటే అది మోసమే అవుతుంది. ఇంజిన్ బొమ్మను నల్లబల్ల మీద గీసి చూపి, హాజరు వేయించి, పరీక్షకు పంపించే ప్రైవేటు సంస్థలు ఉన్నాయి. అక్కడి నుంచి వచ్చిన కుర్రవాడికి స్పానర్ నంబరు కూడా తెలియదు. సర్వీస్ సెంటర్ మేనేజరు మొదటి వారంలోనే కనిపెట్టేస్తాడు. అలాంటి కాగితం వెల ఆ రెండేళ్ల కూలిలో పదో వంతు కూడా చేయదు. చేర్చేముందు తండ్రి ఆ వర్క్‌షాపులోకి స్వయంగా వెళ్లి చూడాలి. బీఎస్-6 ఇంజిన్ ఉందా, స్కానర్ ఉందా, వాటి మీద దుమ్ము పేరుకుని ఉందా, చేతుల జిడ్డు కనిపిస్తున్నదా? జిడ్డు కనిపిస్తే చేర్చవచ్చు. 2024 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్ భాగస్వామ్యంతో ఆధునిక కేంద్రాలుగా మార్చే పనికి శంకుస్థాపన చేసింది మల్లేపల్లిలోనే. అక్కడి కోర్సుల్లో విద్యుత్ వాహన మెకానిక్ కూడా ఉంది. ఆ గేటుకు నడక దూరంలో ఉన్న మన బస్తీల నుంచి ఎందరు పిల్లలు ఆ కోర్సులో చేరారని మన సంఘాలు లెక్క తీయాలి. 2007 చట్టం ఇచ్చిన 4 శాతం రిజర్వేషన్ మీద వైద్య, ఇంజనీరింగ్ సీట్ల సందర్భంలో జరిగినంత చర్చ ఐటీఐ సీట్ల సందర్భంలో ఎన్నడూ జరగలేదు. ఎంబీబీఎస్ సీటు వచ్చిన విద్యార్థికి పూలమాల వేసే మన పెద్దలు ఐటీఐలో చేరే విద్యార్థికి బస్ పాస్ కొనిచ్చిన దాఖలా అరుదు.

ప్రభుత్వాన్నీ అడగవలసినది ఉంది. 2023 సెప్టెంబరులో ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకం పద్దెనిమిది చేతివృత్తులకు శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి రెండు విడతల్లో మూడు లక్షల వరకు రుణం ఇస్తుంది. కమ్మరి, వడ్రంగి, తాళాలు చేసేవారు, పడవలు చేసేవారు అందులో ఉన్నారు. ఉండవలసిందే. మోటారు మెకానిక్ మాత్రం లేడు. సంప్రదాయ వృత్తులకే ఆ పథకమని సమాధానం రావచ్చు. తాత, తండ్రి, కొడుకు మూడు తరాలుగా ఒకే షెడ్డులో ఒకే పని చేస్తుంటే, ఉస్తాద్-షాగిర్ద్ పద్ధతిలో విద్య చేతి నుంచి చేతికి అందుతుంటే, సంప్రదాయానికి ఇంకేం కావాలి? స్కానర్ కొనడానికి ఆ పదిహేను వేలు ఏ వృత్తికి అక్కర లేకపోయినా ఈ వృత్తికి కావాలి.

ఇప్పటికే షెడ్డులో ఉన్న కుర్రవాడి మాటేమిటి? అతడిని వెనక్కి, తరగతి గదికి తీసుకురావడం చాలా ఇళ్లలో సాధ్యపడదు. అతనికి ఒక సన్నని దారి ఉంది. ట్రేడులో కనీసం మూడేళ్లు పనిచేసినవారు ప్రైవేటు అభ్యర్థులుగా అఖిల భారత వృత్తి పరీక్షకు కూర్చునే ఏర్పాటు ఉంది. అయితే ఆ అనుభవాన్ని కాగితం మీద రుజువు చేయాలి. బోర్డు లేని, నమోదు లేని షెడ్డు రాసిచ్చే చీటీని ఏ కార్యాలయం ఖాతరు చేస్తుంది? చిక్కు ఉన్నది ఇక్కడే. 2020 జూలై నుంచి ఉద్యమ్ పోర్టల్‌లో చిన్న సంస్థల నమోదు ఉచితం. ఆధార్, పాన్ ఉంటే షెడ్డు యజమాని ఆ పూటలోనే పూర్తి చేయవచ్చు. పన్ను అధికారులు వస్తారేమోనన్న భయంతో మన ఉస్తాద్‌లు దాని జోలికి పోవడం లేదు. నమోదు చేసుకున్నంత మాత్రాన కొత్త పన్నేదీ మీద పడదు. మసీదు కమిటీలు, యువజన సంఘాలు ఒక ఆదివారం ఆటోనగర్‌లో బల్ల వేసుకుని కూర్చుంటే వంద షెడ్ల నమోదు పూర్తవుతుంది. ఆ మర్నాటి నుంచి ప్రతి ఉస్తాద్ తన దగ్గర పనిచేసే కుర్రవాడి పేరు, చేరిన తేదీ, నేర్చిన పని ఒక పుస్తకంలో రాయడం మొదలుపెట్టవచ్చు.