కమిటీ గదిలో మహిళలేరీ?

ఆడపిల్లల కనీస వివాహ వయసును 18 నుంచి 21 ఏళ్లకు పెంచే బిల్లు 2021 డిసెంబరులో పార్లమెంటు స్థాయీ సంఘానికి (స్టాండింగ్ కమిటీకి) వెళ్లింది. ఆ సంఘంలోని 31 మందిలో మహిళ ఒక్కరే. ఆ బిల్లు మంచిచెడ్డలు వేరే చర్చ. ఆడపిల్ల బతుకును తేల్చే చోట ఆడవాళ్లు దాదాపు లేకపోవడం మాత్రం అన్యాయం. 2024లో లోక్‌సభకు 543 మందిలో 74 మంది మహిళలే గెలిచారు. 2019లో గెలిచిన 78 మంది కన్నా ఇది తక్కువ. చట్టసభల్లో మహిళలకు మూడో వంతు సీట్లు కేటాయించే 2023 నాటి 106వ రాజ్యాంగ సవరణను జనగణనకు, నియోజకవర్గాల పునర్విభజనకు ముడిపెట్టారు. కమిటీలకు అలాంటి ముడి ఏదీ లేదు. పార్టీలు పేర్లు పంపితే స్పీకరు, రాజ్యసభ ఛైర్మన్ నియమిస్తారు. బిల్లులో ప్రతి నిబంధననూ, బడ్జెట్లో ప్రతి పద్దునూ నింపాదిగా పరిశీలించేది, అధికారులను నిలదీసి అడిగేది ఈ కమిటీల్లోనే. ఉన్న మహిళా ఎంపీలనే సమంగా సర్దినా ఒక్కో కమిటీలో నలుగురైనా ఉండగలరు. వాళ్లను స్త్రీ శిశు సంక్షేమానికే పరిమితం చేయకుండా ఆర్థికం, రక్షణ, హోం కమిటీల్లోనూ కూర్చోబెట్టాలి, అధ్యక్ష స్థానాలూ ఇవ్వాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. కమిటీలను ఏటా పునర్నియమించేటప్పుడు ప్రతి పార్టీ తాను పంపే జాబితాతోనే తన నిజాయితీని నిరూపించుకోవాలి.