మోటారుకారు – మితవ్యయము

కారు గలవాఁడే గౌరవనీయుఁడను భ్రమ మన నిజామాబాదు, బోధను సీమలయందు ప్రబలుచున్నది. మే మట్లు తలంపము. చెఱకు సొమ్ము ఏఁటి కొకమాఱు చేతికందును. కారు వాయిదా నెలనెలకును వచ్చి వాకిట నిలుచును. శాశ్వతమనుకొన్న బోధను చక్కెర కర్మాగారము 2015లో మూతపడెను. జీతము లాఁగినను వాయిదా లాఁగవు గదా! కారు కదలకున్నను బీమా రుసుము తప్పదు, బ్యాటరీ క్షీణించును. ఒంటిగా పోవువారికి బస్సు చాలును. 1932లో 27 బస్సులతో నైజాము రైల్వే యారంభించిన సేవ నేఁటికిని ఆర్టీసీ రూపమున మనకున్నది. కుటుంబమునకు కారు తప్పనిసరియైనచో, అప్పు చేయక పాతదానినే కొని, నూనె సకాలమున మార్చుచు, చక్రములలో గాలి సరిచూచుచు, మెల్లగా నడుపుట మేలు. విద్యార్థులారా! కారు మనలను మోయవలెను గాని, మనము కారును మోయరాదు.