సెలవుల్లో చదవండి: గోన గన్నారెడ్డి

పిల్లలూ! వేసవి సెలవులు వచ్చాయి. వడగాడ్పులకు బయట తిరగకుండా ఇంటిపట్టున కూచుని చదవదగిన నవల ఒకటి చెబుతాం. దాని పేరు "గోన గన్నారెడ్డి". వ్రాసినవారు అడివి బాపిరాజుగారు (1895-1952). ఆయన కవి, చిత్రకారుడు కూడా.

కథ 13వ శతాబ్దంలో, కాకతీయుల కాలంలో జరుగుతుంది. పెళ్ళి సందడిలో అందరూ ఉండగా గన్నారెడ్డి అనే గజదొంగ వచ్చి పెళ్ళికొడుకునే ఎత్తుకుపోతాడు! ఎందుకు? ఓరుగల్లులోని రుద్రమదేవికి అతడు శత్రువా, మిత్రుడా? అది మేం చెప్పం. మీరే చదివి తెలుసుకోండి.

"ఇదంతా నిజంగా జరిగిందా?" అంటారేమో. రుద్రమదేవి రాజ్యమేలిన మాట నిజం. ఆమె మరణాన్ని తెలిపే 1289 నాటి శాసనం నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికింది. గన్నారెడ్డి కూడా ఉన్నవాడే. అతని కింద పనిచేసిన విఠలనాథుడు 1294లో రాయచూరు కోట కట్టించినట్టు అక్కడి శాసనం చెబుతుంది. కాని శాసనంలో ఉండేది నాలుగు మాటలే. పెళ్ళిలో అలజడి, ఆ మనుషుల మాటలు, కోపాలు రచయిత కల్పించినవి. చదివేటప్పుడు ఒక కాగితం దగ్గర పెట్టుకుని, ఏది చరిత్రో, ఏది కల్పనో మీకు తోచినట్టు వ్రాసుకోండి. బడి తెరిచాక మీ చరిత్ర మాస్టారికి చూపించండి.

పెద్దలకొక మాట: నవలలు చదివితే చదువు చెడుతుందని ఆపకండి. ఇది పెద్ద పుస్తకం; పాత మాటలు తగులుతాయి. రాత్రి భోజనాలయ్యాక రోజుకు కాస్త మీరే పైకి చదివి వినిపించండి. నాలుగోనాటికి పిల్లలే పుస్తకం లాక్కుంటారు!